ఆర్మీ ట్రక్కు ఎత్తు పెంచాలా? టైర్లు ఆఖర్న కొనండి

డాలస్ శివార్లలో మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు టెస్లాలు, హోండా ఒడిస్సీలు మామూలే. ఆకుపచ్చ, నలుపు, గోధుమ మచ్చల ఆర్మీ ట్రక్కు మాత్రం అరుదు. అందుకేనేమో, కాలేజీకి వెళ్లబోయే పిల్లలున్న తండ్రులు నలుగురైదుగురు ఇప్పటికే నన్ను పక్కకు పిలిచి వివరాలు అడిగారు. వాళ్లకు విడివిడిగా చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఎం1008. 1980లలో అమెరికా సైన్యం షెవర్లే పికప్‌లను పెద్ద సంఖ్యలో తీసుకుంది, వాటిలో ఇదొకటి. టర్బో లేని 6.2 లీటర్ల వి8 డీజిల్ ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. వేగం ఆశించకండి, హైవే మీద అందరూ మనల్ని దాటిపోతారు. దీని అసలు విలువ కిందుంది. ముందు డానా 60 యాక్సిల్, వెనక జనరల్ మోటార్స్ వాళ్ల 14 బోల్టుల యాక్సిల్, రెండింటిలోనూ 4.56 గేర్లు. పెద్ద టైర్లు వేసుకునేవాళ్లు మామూలు పికప్‌కు విడిగా వెతికి కొని బిగించుకునే యాక్సిళ్లు ఇవే. ఇందులో అవి పుట్టుకతోనే ఉన్నాయి.

సైన్యం వేలంలో అమ్మిన వాహనానికి ఎస్ఎఫ్ 97 అనే ప్రభుత్వ పత్రం ఇస్తారు. టైటిల్‌కు అదే ఆధారం. అయితే రిజిస్ట్రేషన్ నిబంధనలు రాష్ట్రానికో రకం, ముఖ్యంగా హంవీల విషయంలో చాలా పేచీలుంటాయి. అందుకని నేను వేలం జోలికి పోలేదు. టెక్సాస్ టైటిల్ చేతిలో ఉన్న యజమాని దగ్గరే కొన్నాను.

మావాడికి 17 ఏళ్లు. వాడికి 37 అంగుళాల టైర్లు కావాలి, అదీ ముందే కావాలి. నేను 35 దగ్గర ఆగాను. సైన్యం వేసిన 235/85 ఆర్16 టైరు ఎత్తు సుమారు 31.7 అంగుళాలు. 35 వేస్తే చక్రం పది శాతం పెద్దదవుతుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 66 మైళ్ల మీద పోతుంటుంది. 4.56 గేరు 4.13తో సమానమవుతుంది. ఈ ఇంజన్ అంతవరకు లాగుతుంది. 37 వేయాలంటే ఫెండర్లు కోయాలి, లేదా ఇంకా ఎత్తాలి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేని బండిని అంత ఎత్తుకు లేపి కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాడి చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఎత్తు 4 అంగుళాలు పెంచాం. ముందువైపు పాత కమాన్ పట్టీలు తీసేసి, వంపు ఎక్కువున్న కొత్తవి వేశాం. వెనక పట్టీలు అలాగే ఉంచి, షాకిల్‌ను తిరగేసి బిగించే కిట్టు వాడాం. యాక్సిల్‌కూ పట్టీకీ మధ్య ఇనుప దిమ్మ పెట్టి చవకగా ఎత్తే పద్ధతి ఒకటుంది. ముందు యాక్సిల్‌కు అది ఎన్నటికీ వద్దు. బ్రేకు పడ్డప్పుడు దిమ్మ కదిలితే బండి అదుపులో ఉండదు.

అసలు కథ స్టీరింగ్‌ది. ఈ ట్రక్కులో డ్రాగ్ లింక్ అనే రాడ్డు స్టీరింగ్ బాక్సు నుంచి డ్రైవర్ వైపు చక్రానికి వెళ్తుంది. బండి ఎత్తితే అది ఏటవాలుగా దిగుతుంది. అప్పుడు గుంట పడ్డప్పుడల్లా మనం తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. చక్రం దగ్గర ఎత్తైన స్టీరింగ్ ఆర్మ్ వేసి రాడ్డును మళ్లీ దాదాపు సమంగా తేవాలి. లిఫ్ట్ కిట్టు కొనేటప్పుడు ఆ ఆర్మ్ పెట్టెలో ఉందో లేదో చూసుకోండి.

దానికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లారీలు బాగుచేశారు. వీడియో కాల్‌లో మనవడి ఫోన్ కెమెరా ఇంజన్ మీదే తిరుగుతుంటే ఆయనకు విసుగొచ్చింది. ‘‘ఒరేయ్ నాన్నా, ఇంజన్ తర్వాత చూద్దువుగాని. బాక్సు విప్పి దాని వెనకాల ఛాసిస్ గీకి చూడు’’ అన్నారు. మావాడు బాక్సు దించి, వైర్ బ్రష్‌తో మట్టి, గ్రీజు గీకాడు. బోల్టు రంధ్రం నుంచి కిందికి వెంట్రుక లాంటి గీత. పగులు. ఆ కాలపు షెవర్లే ఫోర్ వీల్ డ్రైవ్‌లకు ఇది తెలిసిన బలహీనతే. బరువైన టైర్లను తిప్పే ప్రతిసారీ ఆ భారమంతా బాక్సు బిగించిన చోటే పడుతుంది. ముందు టైర్లు మార్చి తిరిగి ఉంటే ఆ గీత పెరిగేది, ఏదో ఒకరోజు బాక్సు ఊడిపోయేది. అది 65 మైళ్ల వేగంలో జరిగితే ఏమయ్యేదో మా ఆవిడకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

పగులు చివర చిన్న రంధ్రం వేసి అది ముందుకు పాకకుండా ఆపారు. గాడి కోసి వెల్డింగ్ చేసి, పైన మందపాటి ప్లేటు బిగించారు. ఈ పనికి ఛాసిస్ వెల్డింగ్ తెలిసిన మనిషినే పెట్టాను. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసే పని కాదిది. ఈ ట్రక్కులకు ఆ ప్లేట్లు రెడీగానే దొరుకుతాయి. పగులు లేకపోయినా వేయించండి.

బ్రేకు గొట్టాలు కూడా పొడుగువి వేయాలి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు పాతవి లాగేసినట్టవుతాయి. పెద్ద టైరును ఆపడం కష్టం కాబట్టి వెనక డ్రమ్ములు, ముందు డిస్కులు రెండూ కొత్తగా చేయించాం. ఇవన్నీ అయ్యాక, నాలుగో నెలలో, టైర్లు వచ్చాయి. మావాడు అన్ని నెలలూ అలిగే ఉన్నాడు. అలిగినా రెంచి మాత్రం వదల్లేదు.

2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత వాహనాలకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. చాలామంది సంతోషించారు. నాకు మాత్రం అది కొంచెం భయమే. 40 ఏళ్ల బండి కిందికి దూరి చూసేవాడు ఇక యజమాని ఒక్కడే. హెడ్‌లైట్లు మాత్రం నేలనుంచి 54 అంగుళాలు దాటకూడదు, టేపు పెట్టి కొలుచుకోండి. వేరే రాష్ట్రాల్లో బంపర్ ఎత్తుకు కూడా పరిమితులున్నాయి. బీమా కంపెనీకి లిఫ్ట్, టైర్ల సంగతి రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే క్లెయిమ్ రోజున వాళ్లు చెప్పేది వినాల్సి వస్తుంది.

ఇక ఇంటి సంగతి. గ్యారేజీ తలుపు మామూలుగా 7 అడుగులుంటుంది. లిఫ్ట్ 4 అంగుళాలు, టైరు వల్ల మరో ఒకటిన్నర పైన, మొత్తం ఐదున్నర అంగుళాలు బండి పైకి లేస్తుంది. ముందే కొలిచి చూసుకోండి. మాకు హెచ్‌ఓఏ ఉత్తరం కూడా వచ్చింది. మూడు రంగుల ట్రక్కు రోడ్డు మీద కనిపించకూడదట. ఇప్పుడది నెల అద్దెకు తీసుకున్న స్థలంలో ఉంటోంది.

కొత్త కమాన్ల మీద యూ బోల్టులు సర్దుకుంటాయి కాబట్టి కొన్ని వందల మైళ్లు తిరిగాక మళ్లీ బిగించాలి. ఈ శనివారం ఆ పనే. టార్క్ రెంచి మావాడిది, తాతయ్య ఫోన్‌లో.