చిల్లికుండలో నీళ్లు

ఏటేట మన నర్సింగు కళాశాలల నుండి వేలకొలది యువతీయువకులు పట్టాలు పుచ్చుకొని వెలువడుచున్నారు. అయినను వైద్యశాలలలో నర్సులు చాలరను మొర తగ్గుట లేదు. 2023-24 కేంద్ర బడ్జెటులో 157 క్రొత్త నర్సింగు కళాశాలలు ప్రకటింపబడినవి. ఇది సంతోషింపదగినదే. కాని చిల్లికుండలో ఎన్ని బిందెల నీరు పోసిన నేమి? పట్టా పొందినవారిని వృత్తిలో నిలుపుకొను నుపాయము కూడ ఆలోచింపవలసి యున్నది.

ఈ కొరత నేటిది కాదు. దేశమున 43,000 మంది జనులకు ఒక్క నర్సు మాత్రమే కలదని 1946లో భోర్ సంఘము లెక్క తేల్చినది. నాటి నుండి మనము చాల దూరము వచ్చితిమి. నేడు లక్షల మంది పేర్లు రిజిస్టరులలో నున్నవి. అయితే రిజిస్టరులో పేరుండుట వేరు, రోగి మంచము చెంత మనిషి యుండుట వేరు. ఆ పేర్లు గలవారిలో కొందరు విదేశములకు, కొందరు ఇతరోద్యోగములకు పోయిరి. కొందరు వివాహానంతరము ఇంటనే నిలిచిపోయిరి.

తొలి సంవత్సరమే గడ్డు కాలము. నిన్నటి వరకు గురువుల కనుసన్నల మెలగిన పిల్లకు నేడు నిండు వార్డు నప్పగింతురు. బోధనాస్పత్రులలో ముగ్గురు రోగులకు, ఇతర ఆస్పత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము. రాత్రివేళ ఆస్పత్రిలో తోడున్న వారెవ్వరైనను ఈ ప్రమాణ మెంతవరకు సాగుచున్నదో ఎరుగుదురు. మందు మారునేమో, సెలైను సీసా కాళీ యగునేమో యను బెదరుతో తెల్లవార్చు నామె మీదనే వైద్యుల విసుగును, రోగి బంధువుల కోపమును పడుచుండును.

ఇక జీతము. సుప్రీం కోర్టు 2016లో ఆదేశింపగా కేంద్ర ప్రభుత్వము నిపుణుల సంఘమును నియమించినది. 200 పడకలకు మించిన ప్రైవేటు ఆస్పత్రులలో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానమైన జీతమును, 50 పడకలలోపు వానిలో సైతము నెలకు 20,000 రూపాయలకు తగ్గని జీతమును ఈయవలెనని ఆ సంఘము సిఫారసు చేసినది. సిఫారసు శాసనము కాదు. కేరళ నర్సులు సమ్మెలు చేసి పోరాడిన పిమ్మట 2018లో అచటి ప్రభుత్వము 20,000 రూపాయల కనీస వేతనమును ప్రకటించినది. మన తెలుగునాట నాలుగేండ్లు అప్పు చేసి చదివి, అంతకు తక్కువకు పనిచేయువారు నేటికిని కలరు. వారు విదేశమునకు పోయిన నిందింప మనకు నోరెక్కడిది?

కొందరు యజమానులు పట్టాలను బీరువాలో దాచియు, బాండ్లు వ్రాయించుకొనియు వారిని నిలుపజూతురు. కట్టివేసిన చేతులు సేవ చేయవు. గడువు తీరిన మరునాడే వారు వెడలిపోదురు.

చేయవలసిన పనులు దుస్సాధ్యములు కావు. క్రొత్తగా చేరినవారిని ఆరు నెలలు అనుభవము గల నర్సు వెంట నుంచవలెను; అంతవరకు ఒంటిగా రాత్రి వార్డు నీయరాదు. నిపుణుల సంఘము సూచించిన జీతములను రాష్ట్ర ప్రభుత్వములు శాసనముగా చేయవలెను. నైటు డ్యూటీ వారికి క్షేమమైన వసతియు, వాహనమును, బిడ్డలు గలవారికి శిశుసంరక్షణ గదియు ఉండవలెను. ఖర్చు పెరుగునని యజమాను లందురు. నేర్చిన చేయి పోయిన ప్రతిసారి క్రొత్త చేతికి నేర్పుట ఖర్చు కాదా? ఆ నడుమ జరుగు పొరపాట్ల మూల్యము నెవరు చెల్లింతురు? రోగియే కదా!

మన గృహస్థులకును ఒక మాట. జబ్బు పడిన నాడు ‘సిస్టరమ్మా’ యని చేతులు జోడించు మనమే, ఆమెను కోడలిగా చేసికొనవలసి వచ్చినపుడు రాత్రి ఉద్యోగమని పెదవి విరుచుచున్నాము. పెండ్లి షరతుగా ఉద్యోగము మాన్పించిన ప్రతి యింటివారును ఒక వార్డులోని దీప మార్పినవారే. ప్రభుత్వములు శాసనము చేయు వరకు ఈ పనికి మనము వేచియుండ నక్కరలేదు.