మట్టికీ ఆకలి వేస్తుంది

కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళందరి దగ్గరా ఒక లిస్టు ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించాల్సిన స్థలాల లిస్టు! గోల్డెన్ గేట్, లివర్‌మోర్ గుడి, యోసెమిటీ, ఆ తర్వాత ఎప్పుడో నాపా. ఈ ఏడాది ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌లో మా నాన్నని నాపా తీసుకెళ్ళాం. ఆయన జన్మలో మందు ముట్టలేదు. "తాగనోణ్ని తీస్కపోయి సారాబట్టీ జూపిస్తవా?" అని దారి పొడుగునా ఒకటే నవ్వు.

నేను తీసుకెళ్ళింది వైన్ కోసం కాదు, తోట కోసం. మా నాన్న ద్రాక్ష రైతు. హైదరాబాద్ శివార్లలో, మేడ్చల్ వైపు, మాకు రెండెకరాల అనాబ్-ఎ-షాహి పందిరి ఉండేది. నేను ఎమ్మెస్ చేయడానికి ఈ దేశం వచ్చినప్పుడు మొదటి సెమిస్టర్ ఫీజు ఆ పందిరి కింద పండిన డబ్బే. ఆ తర్వాత కొన్నేళ్ళకి కాపు తగ్గింది, ఖర్చు పెరిగింది. చివరికి ఆయన చేతులతోనే తీగలు నరికేశారు. భూమి అలా ఖాళీగా పడి ఉంది. ప్లాట్లు చేసి అమ్మేద్దామంటాడు తమ్ముడు. నాన్న అవుననరు, కాదనరు. "భూమి సచ్చిపోయింది బిడ్డా, ఏం జేస్కుంటం?" అంటారు, అంతే.

కలుపు కాదు, పచ్చిరొట్ట

మేం వెళ్ళింది ఒక ఆర్గానిక్ ద్రాక్షతోటకి. చలికాలం కత్తిరింపులు అయిపోయి తీగలు మోళ్ళలా ఉన్నాయి. వరసల మధ్య మాత్రం మోకాలెత్తు పచ్చదనం! నాన్న ఆగిపోయారు. "గింత గడ్డి పెరిగితే తీసేటోడే లేడా?" అన్నారు.

నేను అనువదించి చెబితే తోట చూపిస్తున్నావిడ నవ్వింది. అది కలుపు కాదట. శరదృతువులో కావాలని చల్లిన విత్తనాలు: బెల్ బీన్స్, వెచ్, బఠానీ, ఓట్స్. వసంతంలో కోసి అక్కడే పడేస్తారు, లేదా మట్టిలో కలిపేస్తారు. ఆవిడ మాట పూర్తి కాకుండానే నాన్న "అరే, పచ్చిరొట్ట! మన జనుము, జీలుగ అసొంటిదే గదరా!" అన్నారు.

ఆవిడని అడిగి ఒక బెల్ బీన్స్ మొక్కని నెమ్మదిగా పెకలించారు. వేళ్ళకి ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలు. "తాతా, ఇవి ఎగ్సా?" అంది మా పదేళ్ళ అమ్మాయి. నాన్న ఒక బుడిపెని గోటితో చీల్చారు. లోపల లేత ఎరుపు!

పిల్లలూ, ఆ బుడిపెల్లో రైజోబియం అనే బాక్టీరియా కాపురం ఉంటుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. కానీ మొక్క దాన్ని గాలి నుంచి నేరుగా తీసుకోలేదు. ఈ బాక్టీరియా దాన్ని పట్టి మొక్కకి పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క చక్కెర పెడుతుంది. ఆ ఎరుపు రంగు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌కి వరసకి చుట్టం. లోపల ఎర్రగా ఉందంటే ఫ్యాక్టరీ నడుస్తోందన్నమాట.

వేరుకి బ్రాడ్‌బ్యాండ్

ఒక గ్రాము మంచి మట్టిలో వంద కోట్ల దాకా బాక్టీరియా ఉండొచ్చు. వాటితోపాటు బూజు జాతి శిలీంధ్రాలు. వాటిలో ద్రాక్షకి ప్రాణస్నేహితులు మైకోరైజా అనేవి. 1885లో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు అది. "శిలీంధ్రపు వేరు" అని అర్థం. పేరు కొత్తదేగానీ స్నేహం పాతది. నలభై కోట్ల ఏళ్ళనాటి మొక్కల శిలాజాల్లో కూడా ఈ జాతి శిలీంధ్రాలు కనిపించాయి.

ద్రాక్ష వేరు లావుగా ఉంటుంది, దానికి నూగు తక్కువ. మట్టిలోని సందుగొందుల్లోకి అది పోలేదు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని శిలీంధ్రపు దారాలు పోగలవు. అక్కడి నుంచి భాస్వరం, జింకు, కొంత నీళ్ళు కూడా లాక్కొచ్చి వేరుకి అందిస్తాయి. ఆ దారాలు మట్టిని గుల్లగా కట్టి ఉంచుతాయి కాబట్టి వాన నీరు పైపైన పారిపోకుండా లోపలికి ఇంకుతుంది. మా ఐటీ వాళ్ళ భాషలో చెప్పాలంటే వేరుకి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్!

అన్నట్టు, ఫిబ్రవరిలో నాపా అంతా పసుపు పరిచినట్టు ఆవపూలు పూస్తాయి. అందరం ఫోటోలు దిగుతాం. కానీ ఆవజాతి మొక్కలు ఈ మైకోరైజాతో స్నేహం చేయవు. అందుకే చిక్కుడు జాతి, గడ్డి జాతి విత్తనాలు కూడా కలిపి చల్లుతారు.

నా అతితెలివి

ఇదంతా విన్నాక నా తప్పు నాకు అర్థమైంది. మా పెరట్లో ఆరు ద్రాక్ష తీగలున్నాయి. మూడేళ్ళ క్రితం మైకోరైజా పొడి ప్యాకెట్ ఒకటి కొని పాదుల్లో వేశాను. తీగలు బాగా రావాలని రెండు వారాలకోసారి భాస్వరం దండిగా ఉన్న ఎరువూ పోశాను. ఏ తేడా రాలేదు. ఎందుకొస్తుంది? భాస్వరం ఊరికే దొరుకుతుంటే మొక్క శిలీంధ్రానికి చక్కెర పెట్టి పోషించడం తగ్గించేస్తుంది. ఇంట్లో వంటమనిషిని పెట్టుకుని రోజూ హోటల్ నుంచి తెప్పించుకున్నట్టే!

పైగా చాలా నేలల్లో ఈ శిలీంధ్రాలు ముందు నుంచే ఉంటాయి. కొత్తగా తెచ్చి పోయడం కన్నా ఉన్నవాటికి తిండి పెట్టి, వాటిని చెడగొట్టకుండా ఉండటం ముఖ్యం. ఆ తోటలో చేసేది అదే. కంపోస్టు వేస్తారు. దారాలు తెగిపోకుండా దున్నకం తగ్గిస్తారు. చలికాలంలో గొర్రెల్ని వదులుతారు. అది వినగానే నాన్న "మా నాయన గూడ పొలంల గొర్ల మంద వెట్టిస్తుండె" అన్నారు. ఆ ముఖంలో వెలుగు చూడాలి!

ఆర్గానిక్ అంటే ఏ మందూ కొట్టరని కాదు. గంధకం వాడొచ్చు. 1885లో ఫ్రాన్సులో మిల్లార్డె ప్రచారంలోకి తెచ్చిన బోర్డో మిశ్రమమూ వాడొచ్చు. మన రైతులకి తెలిసిన మైలుతుత్తం, సున్నం కలిపిన మందే అది. కానీ రాగి కరిగి మాయమయ్యేది కాదు. ఏళ్ళ తరబడి మట్టిలో పేరుకుని సూక్ష్మజీవులకీ వానపాములకీ హాని చేస్తుంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2019 నుంచి హెక్టారుకి ఏడేళ్ళలో 28 కిలోలు మించకూడదని హద్దు పెట్టింది.

తిరుగు ప్రయాణంలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "మేం గూడ నీ లెక్కనే జేసినంరా. కత్తిరింపు అయినప్పుడల్లా సూపర్ ఫాస్ఫేటు, డీఏపీ. భూమికి ఏం వెట్టినం? తీగకే వెట్టినం."

మా పందిరి పోవడానికి అదొక్కటే కారణమని నేననను. బోర్లు ఎండాయి, కూలీ పెరిగింది, ధర పడిపోయింది. కానీ ఆయన అన్న మాట మాత్రం నా మనసులోంచి పోలేదు.

పిల్లలకో ప్రయోగం

మీ పెరటి మట్టి బతికి ఉందా? వంద శాతం నూలు బనియన్ ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి లాన్‌లో, ఒకటి కంపోస్టు వేసిన పాదులో, జానెడు లోతున పాతిపెట్టండి. గుర్తుగా పుల్ల గుచ్చండి. మట్టి తేమగా ఉండేలా చూసుకుని రెండు నెలల తర్వాత తవ్వండి. ఏది ఎక్కువ చిరిగితే అక్కడ సూక్ష్మజీవులు అంత చురుగ్గా ఉన్నట్టు. మా ఇంట్లో తాత బనియన్ బలైపోయింది. పాదులో పాతినదానికి కుట్లు మాత్రమే మిగిలాయి!

నాన్న మే నెలలో ఇండియా వెళ్ళిపోయారు. తొలకరికి ఆ ఖాళీ భూమిలో అరెకరం దున్నించి జనుము చల్లారని తమ్ముడు చెప్పాడు. ఆరు వారాల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. నాన్న అరచేతిలో జనుము వేరు, దానికి బుడిపెలు. ఒకటి గోటితో చీల్చి ఉంది. లోపల లేత ఎరుపు.

కింద ఒక వాయిస్ మెసేజ్: "బిడ్డకి జూపియ్యి. అమ్ముడు ముచ్చట ఇప్పుడే వద్దని తమ్మునికి నువ్వే జెప్పు."

చెప్పాను.