మొక్కు మొక్కే, వైద్యం వైద్యమే

మా బావ దమ్మపేట చుట్టుపక్కల తోటల్లో ఆయిల్‌పామ్ గెలలు నరికే మనిషి. పొడుగాటి గడకు కొడవలి బిగించి, తలెత్తి నరకాలి. రెండు చేతులూ గడ మీదే ఉంటాయి గనక బీడీ కుదరదు. అట్లా ఖైనీ అలవాటైంది. ఎడమ దవడ పక్కన పెట్టుకుంటే పని ఆగదు. సరిగ్గా ఆ చోటే పుండు లేచింది.

రెండు వారాలు దాటినా మానని పుండు, నోట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించుకోవాలని మాకు చెప్పింది సత్తుపల్లిలో పళ్ల డాక్టరమ్మ. ముక్క తీసి పరీక్ష చేస్తే కేన్సరని తేలింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే అని 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రి ఉంది. అక్కడే ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది. దవడ ఎముక కొంత, మెడలో బిళ్లలు తీసేశారు. బుగ్గలోపల ఖాళీ అయిన చోటును ఛాతీ నుంచి తెచ్చిన కండతో, చర్మంతో కప్పారు. అది ఛాతీ చర్మం కాబట్టి నోట్లో వెంట్రుకలు మొలవచ్చు, కంగారు పడకండని ముందే చెప్పారు. మొలిచాయి కూడా. ఆ మాట చెప్పకపోయి ఉంటే మా అత్త గుండె ఆగేది.

డాక్టర్లు చేసేది చేశారు. ఆ తర్వాత మనిషిని మళ్లీ మనిషిని చేసుకోవాల్సింది ఇంటివాళ్లం. ముక్కులోంచి పొట్టలోకి పైపు వేసి పంపారు. బావను నిటారుగా కూర్చోబెట్టి, సిరంజీని పైకెత్తి పట్టుకుంటే జావ దానంతటదే దిగాలి, గట్టిగా నెట్టకూడదు. ముందూ వెనకా కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి, లేకపోతే పైపు పూడుకుపోతుంది. పెట్టాక కనీసం అరగంట పడుకోనివ్వకూడదు. రాగిజావ, పెసరకట్టు పల్చని గుడ్డలో వడగట్టేదాన్ని. ఉడికిన గుడ్డును పాలల్లో మిక్సీ పట్టేదాన్ని. మాట రాక మా చిన్నోడి పలక మీద రాసేవాడు. మొదట రాసిన మాట ‘పచ్చడి’.

రేడియేషన్ అనగానే చుట్టాలు అడ్డం పడ్డారు. కోసిన మనిషిని కాలుస్తారా, పసరు మందు ఇప్పించండి అన్నారు. మా అత్త అప్పటికే సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కింది, అదే మన బెల్లం. నేను భద్రాద్రి రామయ్యకు మొక్కుకున్నా. పక్కింటి మరియమ్మ పిన్ని వాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి బావ తల మీద చెయ్యిపెట్టి ప్రార్థించేవాళ్లు. ఇవన్నీ కావాలి. రాత్రిళ్లు పైపు పట్టుకుని కూర్చున్న నాకు రామనామం తప్ప ఇంకో తోడు లేదు. కానీ ఏ దేవుడూ రేడియేషన్ మానమనలేదు. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుపెడితేనే మేలని డాక్టరు చెప్పారు. తోట మేస్త్రీ, తోటి కూలీలు చందాలేసి ఖర్చులకిస్తే, మా తమ్ముడు బావను తీసుకుని హైదరాబాద్‌లోనే ఉండిపోయాడు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. నోరంతా పుండ్లై, ఉమ్మి ఎండిపోయి, రుచి చచ్చిపోయింది. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు పుక్కిలించమనేవారు.

అక్కడ ఆస్పత్రిలో కౌన్సెలింగ్ ఇచ్చే ఆవిడ శరద్ పవార్ సంగతి చెప్పింది. 2004లో ఆయనకూ నోటి కేన్సరే. ఆపరేషన్, రేడియేషన్ చేయించుకుని 2014 దాకా కేంద్ర వ్యవసాయ మంత్రిగా పనిచేశారు. బావ ఆ మాట పలక మీద రాసి తమ్ముడి చేత నాకు ఫొటో పంపించాడు.

రేడియేషన్ అయ్యాక దవడలు బిగుసుకుపోతాయి. దానికి మందు లేదు, వ్యాయామమే. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకోవాలి, పట్టేకొద్దీ ఇంకో పుల్ల దూర్చాలి. కన్నీళ్లు కారేవి, అయినా రోజూ చేయించా. మామూలు మనిషి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయి. బావకు ఇప్పుడు రెండు పడుతున్నాయి. మెత్తగా పిసికిన పప్పన్నం తింటాడు. కారం ఇప్పటికీ పడదు. మెడలో ఆపరేషన్ వల్ల ఎడమ భుజం పైకి లేవదు కాబట్టి గడ పట్టలేడు. రాలిన పండ్లు ఏరించి, కాటా దగ్గర లెక్క రాస్తాడు.

ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుందట. అందుకే బాగున్నా లేకున్నా డాక్టరు రమ్మన్న తేదీకి బస్సెక్కుతాం. భద్రాచలం మొక్కు రేడియేషన్ పూర్తయ్యాకే తీర్చుకున్నాం.

మీ ఇంట్లో ఖైనీ, గుట్కా, చుట్ట అలవాటున్నవాళ్లుంటే ఇవాళే నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూడండి. మానేయాలనుకునేవాళ్లు 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఆ నంబరు పొగాకు పొట్లం మీదే ఉంటుంది.