శిక్షకును హద్దు కలదు

నెల్లూరు జిల్లాలో సముద్రతీరమునకు సమీపముగా కావలి యను పట్టణము కలదు. పూర్వము ఈ సీమలో ఎరుకలవారు తీరమునందలి ఉప్పును గాడిదలపై కెత్తి, లోనాటి గ్రామములకు కొనిపోయి ధాన్యమునకు మార్చుకొనుచుండిరి. బుట్టలల్లియు, ఎరుక చెప్పియు జీవించుచుండిరి. రైళ్లు వచ్చిన పిదప ఉప్పు బేరము క్షీణించెను. ఊరూరు తిరుగు వారిని అధికారులు దొంగలని అనుమానింపసాగిరి.

1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911లో చేసిన కొత్త చట్టముతో అది మదరాసు రాజధానికిని వచ్చెను. ప్రభుత్వము ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటించినచో, అందలివారి పేర్లను, వేలిముద్రలను పుస్తకమున కెక్కించుకొనవచ్చును. వారు నియమిత వేళలలో హాజరు చెప్పుకొనవలెను. అనుమతి లేక హద్దు దాటరాదు. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేయుటకును అధికారము కలదు. ఆ ప్రకటన చెల్లదని ఏ న్యాయస్థానమునను వాదింప వీలులేదు!

కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఆధ్వర్యమున ఎరుకలవారి కొక సెటిల్‌మెంటు ఏర్పడెను. అచట పనియు, చదువును నేర్పిరి. అయినను ఒక ప్రశ్న నిలిచియే యున్నది: ఏ నేరమును చేయని పసిబిడ్డకు ఈ నిర్బంధ మేల? అది చేసిన పనికి కాదు, పుట్టుకకు విధించిన శిక్ష.

మదరాసు రాష్ట్రమున ఈ చట్టము 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31వ తేదీనను రద్దయ్యెను. ఈ నడుమనే, 1950 జనవరి 26న, మన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. చేసిననాటికి చట్టము నేరమని చెప్పని పనికి ఎవరిని శిక్షింపరాదనియు, నాటి చట్టము చెప్పినదానికంటె హెచ్చు శిక్ష విధింపరాదనియు, ఒకే నేరమునకు రెండుమారులు శిక్షింపరాదనియు 20వ అధికరణము చెప్పుచున్నది. చట్టము విధించిన పద్ధతిని తప్ప ఎవరి ప్రాణమును, స్వేచ్ఛను హరింపరాదని 21వ అధికరణము శాసించుచున్నది.

క్రూర శిక్షలు కూడదని ఇంగ్లండు 1689లోను, అమెరికా 1791లోను స్పష్టముగా వ్రాసికొనెను. ఆ మాటలు మన రాజ్యాంగమున లేవు. కాని 21వ అధికరణమందలి ప్రాణమను మాటలో మానవగౌరవమును ఇమిడియున్నదని మన న్యాయస్థానములు క్రమముగా నిర్ణయించినవి. 1955లో పార్లమెంటు కొరడాదెబ్బల శిక్షను రద్దుచేసెను. 1974లో విశాఖపట్టణపు కారాగారమునందలి ఖైదీల అర్జీని విచారించుచు, శిక్షపడినంతమాత్రమున మనుష్యుడు తన ప్రాథమిక హక్కుల నన్నింటిని కోల్పోడని సుప్రీంకోర్టు పలికెను.

బాలలారా! దొంగయను అనుమానముతో ఒకనిని చెట్టునకు గట్టి కొట్టువారిని మీరెప్పుడైనను చూచినచో, ఈ సంగతిని స్మరింపుడు. పెద్దలను పిలిచి, పోలీసువారికి అప్పగింపుమని కోరుడు. వాడు నేరస్థుడో కాడో తేల్చువాడు న్యాయాధిపతి. శిక్షను కొలుచునది చట్టము. కావలిలో ఒకనాడు పసివారికి సైతము దొరకని ఆ రక్షణ నేడు మనయందరిది.