మూత్ర పరీక్ష ముందే ఏం చెబుతుంది? – కిడ్నీ జబ్బు ఉన్నవారికి, అనుమానం ఉన్నవారికి

గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, కంభం, అర్ధవీడు మండలాల్లో చాలామంది "క్రియాటినిన్ ఎంతుంది?" అనే అడుగుతారు. మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోందని అడిగేవారు తక్కువ. కిడ్నీలు సగం దాకా దెబ్బతిన్నా రక్తంలో క్రియాటినిన్ మామూలుగానే కనబడొచ్చు. మూత్రంలో మాత్రం చాలామందికి ముందే తేడా తెలుస్తుంది.

ఆల్బుమిన్ అంటే రక్తంలో ఉండే ఒక ప్రోటీన్. కిడ్నీ వడపోత బాగుంటే అది మూత్రంలోకి దాదాపు రాదు. దాన్ని కొలిచే పరీక్షను ఏసీఆర్ అంటారు. ఉదయం లేవగానే పోసే మూత్రం ఇస్తే మంచిది. 30 లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి. 300 దాటితే కిడ్నీ త్వరగా పాడయ్యే ప్రమాదం ఎక్కువ, గుండె జబ్బు ప్రమాదం కూడా పెరుగుతుంది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్న రోజుల్లో ఇవ్వొద్దు, లెక్క తప్పొస్తుంది. ఒక్కసారి ఎక్కువొచ్చిందని బెంబేలు పడకండి. మూడు నెలల్లో మళ్లీ చేయించి చూడాలి.

మీ వయసు, ఆడా మగా, కిడ్నీ వడపోత వేగం (జీఎఫ్ఆర్), ఏసీఆర్ – ఈ నాలుగూ కలిపి రెండేళ్లలో, అయిదేళ్లలో డయాలసిస్ అవసరం పడే అవకాశం ఎంతో డాక్టర్లు లెక్కగట్టగలరు. ఈ లెక్క 2011లో వచ్చింది. ఏసీఆర్ లేకపోతే ఈ లెక్క కుదరదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో కనబడే, కారణం తెలియని కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. జబ్బు వడపోత దగ్గర కాకుండా సన్నని గొట్టాల్లో మొదలవడమే అందుకు కారణం. అందుకే "ఆల్బుమిన్ లేదు, మనకేం కాదు" అనుకోవద్దు, రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోండి. గొట్టాల దెబ్బను పట్టే ఎన్‌గాల్, కిమ్-1 వంటి మూత్ర పరీక్షలు ఉన్నా, అవి ఇంకా ఎక్కువగా పరిశోధనలకే వాడుతున్నారు. వాటికోసం ప్రైవేటు ల్యాబుల్లో డబ్బు పోసుకోనక్కర్లేదు.

మన వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కీళ్ల నొప్పులూ ఎక్కువే. నొప్పి భరించలేక మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు రోజూ తెచ్చి మింగేవాళ్లున్నారు. కిడ్నీకి అవి ఎక్కువ చేటు. డాక్టర్‌ను అడగకుండా వాడకండి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి ఏసీఆర్ తప్పక చేయించుకోండి. ఆల్బుమిన్ పోతోందని ముందే తెలిస్తే దాన్ని తగ్గించే బీపీ మందులు, షుగరు మందులు ఉన్నాయి. డయాలసిస్‌ను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టొచ్చు.

పింఛన్ సంగతి. డయాలసిస్ చేయించుకుంటున్నవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.10,000 ఇస్తున్నారు. కారణం తెలియని కిడ్నీ జబ్బు ఉన్నవారికి డయాలసిస్ లేకపోయినా, క్రియాటినిన్ 5 దాటినా, జీఎఫ్ఆర్ 15 కంటే తగ్గినా అంతే మొత్తం. ఏసీఆర్ ఎక్కువుందని పింఛన్ రాదు. పింఛన్ కోసమని జబ్బు ముదిరేదాకా ఆగితే నష్టపోయేది మీరే. డయాలసిస్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఉచితం. అక్కడ వైద్యమిత్రను కలవండి, సందేహాలుంటే 104కు ఫోన్ చేయండి. పాత రిపోర్టులు పారేయకుండా తేదీల వారీగా ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి.