పాళీ మొనకు ధర తెలియదు

నల్లగొండ జిల్లా దేవరకొండలో ఇంకు పెన్ను కొనాలనుకునేవాళ్లకు రెండు దారులున్నాయి. ఊళ్లోని దుకాణంలో స్కూలు పిల్లల కోసం పెట్టిన చవక పెన్నుల్లో ఒకటి ఏరుకోవచ్చు. లేదంటే హైదరాబాద్ పోయినప్పుడు అబిడ్స్‌లో దిగి, 1928 నుంచి నడుస్తున్న దక్కన్ పెన్ స్టోర్స్ లాంటి చోట నాలుగు పాళీలు రాసి చూసి తెచ్చుకోవచ్చు. ఎక్కడ కొన్నా మొదట వచ్చే అనుమానం ఒకటే: ఎంత పెడితే మంచి పెన్ను వస్తుంది? రోజూ రాసుకోవడానికైతే ఐదారు వందల నుంచి రెండు వేల లోపు పెన్ను సరిపోతుంది. ఎందుకు సరిపోతుందో తెలియాలంటే దాని లోపల జరిగే పని చూడాలి.

పాళీకి మధ్యలో వెంట్రుక మందాన చీలిక ఉంటుంది. పాళీ కింద గాళ్లు తీసిన నల్లటి ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని ఫీడ్ అంటారు. సన్నని సందుల్లో ద్రవం తనంతట తానే పాకుతుంది. ఇంకు ఆ గాళ్ల వెంట, చీలిక వెంట మొన దాకా వచ్చి ఆగుతుంది. మొన కాగితాన్ని తాకగానే కాగితం దాన్ని పీల్చుకుంటుంది. అయితే లోపలి నుంచి ఎంత ఇంకు దిగితే అంత గాలి పైకి పోవాలి. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే గుటకలు గుటకలుగా కారుతుంది, రెండో చిల్లు పెడితే ధార సాఫీగా వస్తుంది. ఇదీ అంతే. ఇంకు దిగడానికి, గాలి ఎక్కడానికి ఒకే ఫీడ్‌లో దారులిచ్చి 1884లో అమెరికాలో పేటెంటు తీసుకున్నవాడు లూయిస్ వాటర్‌మన్. ఆ సూత్రం ఇప్పుడు అందరిదీ. వెయ్యి రూపాయల పెన్నులోనూ లక్ష రూపాయల పెన్నులోనూ జరిగే పని అదే.

మరి ఖరీదైన పెన్నుల్లో బంగారు పాళీ ఎందుకు? ఒకప్పటి సిరాల్లో ఆమ్లం ఎక్కువ. మామూలు ఉక్కు పాళీని అవి తినేసేవి, బంగారాన్ని ఏమీ చేయలేకపోయేవి. ఇప్పటి మామూలు సిరాలు సాధువులు, పాళీ ఉక్కు తుప్పు పట్టనిది. పైగా కాగితం మీద నడిచేది బంగారమూ కాదు, ఉక్కూ కాదు. బంగారు పాళీకైనా మంచి ఉక్కు పాళీకైనా మొనకు గట్టి మిశ్రలోహపు చుక్క అతికిస్తారు. అరిగేది అదే, గీరేది అదే, జారేది కూడా అదే. ఆ చుక్కను నున్నగా పట్టారా లేదా అన్నదే రాతను తేలుస్తుంది.

ఈ మాటకు మన దగ్గరే సాక్ష్యం ఉంది. గాంధీజీ స్వదేశీ పిలుపుతో రాజమండ్రిలో కె.వి. రత్నం 1930ల తొలి ఏళ్లలో పెన్నుల తయారీకి దిగారు. రత్నం పంపిన పెన్నును గాంధీజీ వాడి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా ఉందని 1935 జూలై 16న ఆయనకు ఉత్తరం రాశారు. ఆ కితాబు హంగును చూసి ఇచ్చింది కాదు, వాడి చూసి ఇచ్చింది. రాజమండ్రిలో ఇప్పటికీ ఎబొనైట్ కడ్డీని, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరును, లేత్ మీద తిప్పి పెన్నులు చేస్తున్నారు. వాటి ఒంట్లోనే నేరుగా ఇంకు పోసుకోవచ్చు.

పెన్ను ఎంచుకునేటప్పుడు తెలుగు రాసేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. మన అక్షరాలు గుండ్రం. చేయి అన్ని దిక్కులా తిరుగుతుంది. తలకట్టు పెట్టేటప్పుడు మొన కిందికి దిగి, మళ్లీ కుడివైపు పైకి ఎగబాకుతుంది. పాళీ చీలికకు రెండు పక్కల రేకులూ ఒకే మట్టంలో లేకపోతే సరిగ్గా అక్కడే కరుక్కున గీరుతుంది. కిందికి లాగే గీతల్లో ఈ లోపం బయటపడదు. కనుక దుకాణంలో సంతకం చేసి చూసి లాభం లేదు. ‘స్త్రీ’, ‘కృష్ణ’, ‘రాష్ట్రం’ రాసి చూడండి. గుడి దీర్ఘం నుంచి కింది వత్తు దాకా మూడంతస్తులూ విడివిడిగా కనిపిస్తే ఆ పాళీ మీకు కుదిరినట్టే. వత్తులు కలిసి మచ్చ పడితే ఇంకా సన్న పాళీ అడగండి. జపాన్ కంపెనీల సన్న పాళీ యూరప్ వాటి సన్న పాళీ కంటే ఇంకా సన్నగా రాస్తుంది. చిన్న అక్షరాలవాళ్లకు అది నప్పుతుంది. గీరుతున్న పాళీని ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే, ఒక రేకు పైకి లేచి ఉండటం కంటికే కనిపిస్తుంది.

బాల్‌పెన్ను అలవాటైన చేయికి కొత్తలో ఒక తిప్పలు తప్పదు. బాల్‌పెన్నులో చిక్కటి పేస్టు ఉంటుంది, నొక్కితే గాని గోళీ తిరగదు. ఇంకు పెన్నును నొక్కితే రేకులు విచ్చుకుని పాళీ పాడవుతుంది. కొంచెం వాల్చి పట్టుకుని, దాని బరువు మీద దాన్ని నడవనిస్తే చాలు. నాలుగు పేజీలు రాసినా వేళ్లు నొప్పెట్టవు. తడి గీత ఒక్క క్షణం మెరిసి ఆరుతుంది. మలుపు దగ్గర చేయి నెమ్మదించిన చోట నీలం చిక్కబడుతుంది. ఇంకు పెన్ను మోజంతా ఇందులోనే ఉంది, దానికి బంగారం అక్కర్లేదు.

ఇక సిరా, కాగితం. బ్రిల్, కామెల్ లాంటి మామూలు సిరాలు నీళ్లలో కరిగిన రంగులు. పాళీకి హాని చేయవు గాని తడి తగిలితే రాత చెదిరిపోతుంది. దస్తావేజులకు, చెక్కులకు నీటికి చెరగని సిరా వాడాలి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు మాత్రం పెన్నులో పోయకండి, గాళ్లలో గట్టిపడి మూసుకుపోతుంది. పల్చటి నోట్‌బుక్కుల్లో ఇంకు పాకి అవతలి పేజీకి దిగితే తప్పు పెన్నుది కాదు. 70 జీఎస్ఎం, అంతకు మించిన కాగితం తీసుకుంటే ఆ బాధ చాలావరకు పోతుంది.

మన ప్రాంతానికి రెండు జాగ్రత్తలు. ఒకటి నీళ్లు. నల్లగొండ బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఆరాక తెల్లగా పేరుకుంటాయి. కొత్త పెన్నులో ఫ్యాక్టరీ జిడ్డు ఉండొచ్చు, కనుక వాడేముందు ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి క్యాన్‌లో వచ్చే ఫిల్టర్ నీళ్లతో కడగండి. వేడి నీళ్లు వద్దు. రెండోది ఎండ. వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది. ఇంకు తగ్గేకొద్దీ లోపల గాలి ఎక్కువ కాబట్టి, ఇంకు బాగా తగ్గిన పెన్నే ఎక్కువగా కక్కుతుంది. ఒంట్లో ఇంకు పోసే పెన్నయితే పావు వంతు మిగలగానే నింపుకోవాలి. బస్సెక్కితే పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టుకోవాలి. రాయనప్పుడు క్యాప్ తీసి ఉంచితే మొన దగ్గర ఇంకు ఎండి, మళ్లీ రాయబోతే మొరాయిస్తుంది.

కొనేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. చేతిలో వెయ్యి రూపాయలుంటే మొత్తం పెన్నుకే పెట్టకండి. ఆరేడు వందలు పెన్నుకు, మిగిలింది సిరాకు, మంచి నోట్‌బుక్కుకు కేటాయించండి. 60 మి.లీ. ఇంకు బుడ్డితో కన్వర్టర్ పెన్నును, అంటే లోపల ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం ఉన్న పెన్నును, డెబ్బై ఎనభై సార్లు నింపుకోవచ్చు. పాళీ, సిరా, కాగితం మూడింటికీ పొత్తు కుదిరితే ఆ పెన్నును మార్చాల్సిన అవసరం ఏళ్ల తరబడి రాదు. కుదరకపోతే ఎంత పెట్టి కొన్నా అది డెస్కు సొరుగులోనే ఉండిపోతుంది.