రెండో బంతి

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదని ఆట నియమం. అరచేతిలో పెట్టుకుంటే పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే లోపల గట్టి రబ్బరు ముద్ద, దాని మీద ఒకటో రెండో ప్లాస్టిక్ పొరలు. ఖరీదైన బంతులకైతే పైన గుంటలు గుంటలుగా పాలియురెథేన్ తొడుగు. లోపలి రబ్బరులో జింకు సమ్మేళనాలు కలుస్తాయి. సముద్రంలో పడితే తేలదు, నేరుగా అడుక్కి పోతుంది. కంటికి ఆనదు కాబట్టి కొట్టినవాడు అక్కడితో మరిచిపోతాడు.

2016లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ ఒడ్డున అలెక్స్ వెబర్ అనే పదహారేళ్ల అమ్మాయి తండ్రితో కలిసి ఊపిరి బిగబట్టి మునకలేస్తుంటే సముద్రం అడుగు తెల్లగా కనిపించింది. అన్నీ గోల్ఫ్ బంతులే. తీసినకొద్దీ వచ్చాయి. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ సావోకా తోడై లెక్క రాయించాడు. రెండేళ్లలో ఆ చుట్టుపక్కల ఏరినవి 50,681 బంతులు, దాదాపు రెండున్నర టన్నులు. 2019లో అచ్చయిన వాళ్ల పరిశోధనా పత్రం ప్రకారం, రాళ్లకు రాసుకుని అరిగిన ఆ బంతుల నుంచి సుమారు 28 కిలోల ప్లాస్టిక్, రబ్బరు నీళ్లలో కలిసిపోయి ఉంటుంది. ఆ నీళ్లేమో సముద్రపు నీటికుక్కలు తిరిగే అభయారణ్యం.

నేనుండేది శాన్ హోసేలో. పెబుల్ బీచ్‌కు గంటన్నర దారి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనవాళ్లు తప్పకుండా తీసుకెళ్లే సెవెంటీన్ మైల్ డ్రైవ్ అక్కడి గోల్ఫ్ మైదానం పక్క నుంచే పోతుంది. గోల్ఫ్ ఆడే చుట్టమొస్తే మనిషికి 600 డాలర్ల పైమాటే అయినా ఆడించి పంపుతాం. మా బావమరిది అలాగే వచ్చాడు. హైదరాబాద్‌లో తన కాలనీ చెరువు కోసం కోర్టుకెక్కిన మనిషి. కూరగాయలకు గుడ్డసంచీ లేకుండా గడప దాటడు. ఎనిమిదో హోల్‌లో రెండో దెబ్బ సముద్రం కోసేసిన కొండ అంచు మీదుగా కొట్టాలి. వాడి బంతి నీళ్లలో పడింది. జేబులోంచి ఇంకోటి తీసి కొట్టాడు. అదీ పోయింది. మూడోది తీస్తుంటే, "చాల్లేరా, కింద నీటికుక్కలున్నాయి" అన్నాను.

"ఇంత దూరం వచ్చి రెండు బంతులతో ఆపుతామా బావా? మళ్లీ ఎప్పుడొస్తానో ఏమో" అన్నాడు.

ఊరు దాటేసరికి మనలో చాలామందికి ఇంటి దగ్గరి పట్టింపులు సడలిపోతాయి. ఎమిల్ యువాన్, సారా డోల్నిచార్ అనే పరిశోధకులు పర్యావరణ సంస్థల్లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లనే ఎంచుకుని, సెలవుల్లో ఎలా ఉంటారని అడిగారు. 2014లో ఆ వివరాలు ప్రచురించారు. అంత నిష్ఠ ఉన్నవాళ్లూ యాత్రకు వచ్చేసరికి ఏదో ఒక సమర్థన వెతుక్కున్నారు. కాబట్టి గోల్ఫ్ యాత్రికుడికి అవగాహన కలిగిస్తే చాలన్న మాట నేను నమ్మను. మా బావమరిదికి లేని అవగాహనేమిటి?

బంతి కంటే పెద్ద సంగతి పచ్చదనం. అమెరికాలో ఆగస్టా నేషనల్ మైదానంలో జరిగే మాస్టర్స్ పోటీ 1966లో మొదటిసారి టీవీలో రంగుల్లో వచ్చింది. ఆ పచ్చదనం చూశాక ఎక్కడ డబ్బు కట్టినా అలాగే ఉండాలన్న ఆశ ఆటగాళ్లలో పాతుకుపోయింది. మైదానాలు చూసుకునేవాళ్లు దీన్ని ఆగస్టా సిండ్రోమ్ అంటారు. నిజానికి ఆగస్టా ఏడాది పొడవునా అలా ఉండదు. అక్కడి అసలు గడ్డి మన గరికే. చలికి అది ఎండిపోతుందని దాని మీద ఏటా రై గడ్డి గింజలు చల్లుతారు. వేసవి నెలల్లో మైదానం మూసేస్తారు. రెండు రోజులుండి పోయే అతిథికి ఇవేవీ కనిపించవు. అతను మెచ్చుకోకపోతే వ్యాపారం పోతుందన్న భయంతో యజమాని ఇంకో గంట నీళ్లు వదులుతాడు.

ఆ భయాన్ని దాటిన చోటు నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్. అక్కడి రెండో నంబరు మైదానాన్ని 2010, 2011లలో బిల్ కూర్, బెన్ క్రెన్‌షా అనే మైదాన రూపకర్తలు పాత రూపానికి తెచ్చారు. నీళ్లు తాగే పచ్చిక 35 ఎకరాలకు పైగా తీసేసి, ఇసుకను, అక్కడే పుట్టే వైర్‌గ్రాస్ దుబ్బులను తిరిగి రానిచ్చారు. ఏడాది నీటి వాడకం సుమారు 5.5 కోట్ల గ్యాలన్ల నుంచి 1.5 కోట్లకు దిగింది. అక్కడే జరిగిన 2014 యూఎస్ ఓపెన్‌లో ఆ గోధుమరంగు నేలను టీవీలో చూసి మొహం చిట్లించినవాళ్లున్నారు. అయినా యాత్రికులు అక్కడికి వెళ్లడం మానలేదు. ఎండిన నేల మీద బంతి దొర్లే తీరు వేరు. ఒకసారి దాని రుచి తెలిస్తే తడి పచ్చిక మీద ఆట చప్పగా అనిపిస్తుంది.

పెబుల్ బీచ్‌కూ న్యాయం చేయాలి. 1994 నుంచి అక్కడ పచ్చికకు శుద్ధిచేసిన మురుగునీరు పెడుతున్నారు. మొదట్లో ఆ నీటిలోని ఉప్పుకు గడ్డి దెబ్బతింటే, ఉప్పు తీసే ఏర్పాటు కలిపారు.

అతిథిని ఆపడానికి భయపడనక్కరలేదని చెప్పడానికి ఒరెగాన్‌లోని బాండన్ డ్యూన్స్ ఉంది. 1999లో తెరిచిన ఈ రిసార్టులో మామూలుగా కార్టులు ఇవ్వరు, నడిచే ఆడాలి. ఎక్కడెక్కడి నుంచో డబ్బు పెట్టుకుని వచ్చి మరీ నడుస్తారు.

నియమం పెట్టలేని చోట పక్కవాళ్ల సంగతి చెప్పినా పని జరుగుతుంది. హోటల్ గదుల్లో తువ్వాళ్లు మళ్లీ వాడుకోమని "పర్యావరణాన్ని కాపాడండి" అన్న కార్డు పెడితే 35 శాతం మంది విన్నారు. "ఇక్కడ దిగినవాళ్లలో ఎక్కువమంది వాడుకున్నారు" అని రాస్తే అది 44 శాతమైంది. గోల్డ్‌స్టీన్, చాల్దీని, గ్రిస్కెవిషియస్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన లెక్క ఇది.

అందుకే మా ఆదివారం గుంపు ఒక పద్ధతి పెట్టుకుంది. బంతి నీళ్లలో పడితే అవతలి ఒడ్డున ఇంకోటి పెట్టుకుని, ఒక స్ట్రోక్ కలుపుకుని ముందుకు సాగాలి. కొత్త చుట్టమొస్తే కారులోనే చెప్పేస్తాం: మావాళ్లెవరూ సముద్రం వైపు రెండో బంతి కొట్టరు.